డబ్బా మీద రాయని మాట

రామంతాపూర్‌లో మా సందు మొదట్లో ఒక చిన్న బ్యూటీ పార్లర్ ఉంది. రెండు కుర్చీలు, గోడంతా అద్దం, గుమ్మానికి పూల కర్టెన్. అందులో పనిచేసే అమ్మాయిది సూర్యాపేట వైపు పల్లె. పోయిన ఎండాకాలం వెళ్ళినప్పుడు ఆ అమ్మాయి ముఖం చూసి ఉలిక్కిపడ్డాను. బుగ్గలు కాలినట్టు ఎర్రబడి ఉన్నాయి. పలచబడిన చర్మం కింద సన్నటి నరాలు ఎర్ర దారాల్లా కనపడుతున్నాయి. గడ్డం నిండా మొటిమలు, చెంపల మీద ఇదివరకు లేని నూగు.

ఏమైందని అడిగితే, "ఏం లేదక్కా, క్రీము బంద్ చేసిన. బంద్ చేస్తే గిట్లనే మండుతది. మళ్ళ పెడితే తగ్గుతది" అంది.

ట్యూబు చూపించమన్నాను. దాని మీద మూడు పేర్లున్నాయి. హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, మొమెటాసోన్. రెండేళ్ళ నుంచి రోజూ రాస్తోందట. మందుల షాపులో అడిగితే ఇచ్చారట, చీటీ ఎవరూ అడగలేదట. మూడో పేరు స్టిరాయిడ్‌ది అనీ, స్టిరాయిడ్ అంటే మన శరీరం తయారుచేసుకునే ఒక హార్మోనుని పోలిన మందనీ చెప్పాను. ఆ అమ్మాయి అద్దంలోంచి నా వైపు చూసింది. "హార్మోనా? నాకెవలు చెప్పలే గదక్కా" అంది.

ఆ మాట నన్ను చాలా రోజులు వదలలేదు. మేముండే చోటు సామాన్యమైనది కాదు. రామంతాపూర్‌లోనే కేంద్ర ఫోరెన్సిక్ ప్రయోగశాల ఉంది. హబ్సిగూడ వైపు నడిస్తే ఎన్జీఆర్ఐ, సీసీఎంబీ, ఐఐసీటీ వరసగా వస్తాయి. తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ. ఇటు నాచారంలో పారిశ్రామికవాడ. అణువునీ కణాన్నీ విప్పి చూడగలిగిన ఇన్ని గోడల మధ్య, ఇరవై రెండేళ్ళ అమ్మాయి తన ముఖానికి రెండేళ్ళ పాటు ఏం రాసుకుందో తెలియకుండా రాసుకుంది. ఆమెకి తెలివి లేక కాదు, చెప్పినవాళ్ళు లేక. ఈ చెప్పకపోవడానికి ఒక చరిత్ర ఉంది.

*

హార్మోన్లు మన వినాళ గ్రంథుల నుంచి నేరుగా రక్తంలోకి వెళ్ళే సందేశాలు. అతి తక్కువ మోతాదులో పనిచేస్తాయి. నెలసరి రావడం, గర్భం నిలవడం, కడుపులో బిడ్డ అవయవాలు రూపుదిద్దుకోవడం, ఎముక గట్టిపడటం అన్నీ వాటి మాట వినే జరుగుతాయి. బయటి నుంచి వచ్చిన రసాయనం ఆ సందేశాన్ని అనుకరించవచ్చు, అడ్డుకోవచ్చు, లేదా హార్మోను తయారీనే తారుమారు చేయవచ్చు. అలా చేసేవాటిని ఎండోక్రైన్ డిస్రప్టర్లు అంటున్నారు. 1991లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో థియో కోల్బార్న్ చొరవతో వేర్వేరు శాస్త్రాల వాళ్ళు సమావేశమై ఈ పేరుని వాడుకలోకి తెచ్చారు. కోల్బార్న్ యాభై ఎనిమిదేళ్ళ వయసులో డాక్టరేట్ తీసుకున్న మనిషి. సరస్సుల దగ్గర పక్షులకీ చేపలకీ పిల్లలు సరిగా పుట్టకపోవడం గురించి ఎక్కడెక్కడో విడివిడిగా పడి ఉన్న పరిశోధనల్ని ఒకచోట చేర్చి చదివింది.

పేరు 1991లో వచ్చినా, అసలు కథ అంతకు ముందే ఆడవాళ్ళ ఒంట్లో జరిగిపోయింది. 1938లో ఎడ్వర్డ్ చార్లెస్ డాడ్స్ బృందం డైఇథైల్‌స్టిల్‌బెస్ట్రాల్ అనే కృత్రిమ ఈస్ట్రోజన్‌ని తయారుచేసింది. పొట్టిగా డీఈఎస్. పేటెంటు లేదు, ఖర్చు తక్కువ, మాత్రగా మింగవచ్చు. ఇక ఎన్నో కంపెనీలు తయారీ మొదలుపెట్టాయి. గర్భస్రావాన్ని ఆపుతుందని అమెరికాలో లక్షల మంది గర్భిణులకి ఇచ్చారు. 1953లోనే షికాగోలో జరిగిన పరీక్షలో అది గర్భస్రావాన్ని ఆపడం లేదని తేలింది. అయినా చీటీలు ఆగలేదు.

1960ల చివర్లో బోస్టన్‌లో పదిహేను నుంచి ఇరవై రెండేళ్ళ అమ్మాయిలకి యోనిలో చాలా అరుదైన క్యాన్సర్ కనిపించడం మొదలైంది. ఆ వయసులో అది రావడం ఏమిటో డాక్టర్లకి అంతుపట్టలేదు. ఒక అమ్మాయి తల్లి డాక్టరుని అడిగింది, కడుపుతో ఉన్నప్పుడు తను వేసుకున్న మాత్రలకీ దీనికీ సంబంధం ఉందా అని. ఆ ప్రశ్న పట్టుకుని వెతికితే, ఎనిమిది మంది అమ్మాయిల్లో ఏడుగురి తల్లులు డీఈఎస్ వాడినవాళ్ళేనని తేలింది. హెర్బ్‌స్ట్, ఆయన సహచరులు 1971లో అది ప్రచురించారు. ఆ ఏడాదే అమెరికా ప్రభుత్వం గర్భిణులకి అది ఇవ్వొద్దని హెచ్చరించింది. పరిశోధన డాక్టర్లదే, కానీ దాని కొస అందించింది ఒక తల్లి.

*

ఇది దూరదేశపు కథ అనుకోనక్కర్లేదు. మన దేశంలో ఎక్కువ మోతాదు ఈస్ట్రోజన్–ప్రొజెస్టిరాన్ మందుల్ని కడుపు వచ్చిందో లేదో తెలుసుకునే పరీక్షగా ఇచ్చేవారు. కడుపు నిజమైతే ఆ హార్మోను బిడ్డకీ చేరుతుందనేది ఎవరికీ పట్టలేదు. 1982లో ఔషధ నియంత్రణాధికారి ఆపమంటే కంపెనీలు కోర్టుల నుంచి స్టే తెచ్చుకున్నాయి. మహిళా సంఘాలు, ఆరోగ్య కార్యకర్తలు పట్టు వదలకపోతే, సుప్రీంకోర్టు ఆదేశం మీద బహిరంగ విచారణలు జరిగి, 1988లో గాని నిషేధం రాలేదు.

ఆ రోజుల్లోనే హైదరాబాద్‌కి ఆ చివర, మెదక్ జిల్లా పటాన్‌చెరులో ఇంకొకటి జరిగింది. 1985లో అక్కడి ఆరోగ్య కేంద్రంలో పేద స్త్రీలకి నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షన్ ఇస్తున్నారని స్త్రీశక్తి సంఘటన వాళ్ళకి తెలిసింది. నోరెథిస్టిరాన్ ఎనాంథేట్ అనే హార్మోను అది. సూది ఒకసారి వేస్తే రెండు నెలలు పనిచేస్తుంది, మధ్యలో వద్దనుకున్నా ఒంట్లోంచి తీసేయలేం. పిల్లలు పుట్టకుండా సూది అని మాత్రమే ఆ స్త్రీలకి చెప్పారు. అది ఇంకా ప్రయోగ దశలో ఉందని చెప్పలేదు. నెలసరి ఎలా తప్పుతుందో, ఎవరు వేయించుకోకూడదో చెప్పలేదు. స్త్రీశక్తి సంఘటన, ఢిల్లీలోని సహేలీ, అహ్మదాబాద్‌లోని చింగారీ కలిసి 1986లో సుప్రీంకోర్టుకి వెళ్ళాయి. వాళ్ళ వాదనలో హార్మోను ప్రమాదం ఒక భాగం, చెప్పకుండా ఇవ్వడం ఇంకో భాగం. ఆ కేసు 2000 దాకా నడిచింది. నెట్-ఎన్‌ని కుటుంబ నియంత్రణ కార్యక్రమంలో విరివిగా వాడబోమని ప్రభుత్వం చెప్పాకే ముగిసింది.

ఆ పోరాటాల వేడిలోంచే 1991లో 'సవాలక్ష సందేహాలు' వచ్చింది. డాక్టరు గది గుమ్మం దగ్గర మనం మింగేసిన ప్రశ్నలన్నీ తెలుగులో అచ్చయి కనిపించిన పుస్తకం అది. మన ఒంటి గురించి మనం అడగడం అమర్యాద కాదని నా తరం నేర్చుకున్నది అక్కడే. కానీ ఆ ప్రశ్నని మేము సూది మందుకీ మాత్రకీ వేశాం. స్నానాల గదిలో గూటి మీద వరసగా పెట్టుకున్న డబ్బాలకి వేయలేదు. అలంకరణ గురించి మాట్లాడినప్పుడు దాన్ని భావజాలంగా చూశాం, మగచూపుగా, మార్కెట్‌గా చూశాం. అది తప్పు కాదు, కాకపోతే సగమే. డబ్బాలో ఉన్నది భావజాలం మాత్రమే కాదు, రసాయనం కూడా.

*

చట్టం కూడా ఆ డబ్బా వైపు ఆలస్యంగానే చూసింది. 1940లో వచ్చినది మందుల చట్టం మాత్రమే. సౌందర్య సాధనాలు అందులో చేరింది 1962 సవరణతో. ఈలోగా 1952లో టాటాలు లాక్మే పెట్టారు. విదేశీ సామగ్రికి పోయే డాలర్లు మిగలాలన్నది ఉద్దేశం. 1975లో ఫెయిర్ అండ్ లవ్లీ వచ్చింది. 1977లో రామంతాపూర్‌లో దూరదర్శన్ వచ్చాక, నల్లపిల్లకి ఉద్యోగమూ పెళ్ళీ క్రీముతోనే వస్తాయన్న కథ మన ముందుగదిలోకే వచ్చి కూర్చుంది. ఆ క్రీములో స్టిరాయిడ్ ఉందని నేననడం లేదు. తెల్లబడాలన్న ఆత్రాన్ని వాళ్ళు పెంచి పోషిస్తే, తర్వాత ఆ ఆత్రం మీద ఎవరెవరో వ్యాపారం చేసుకున్నారు. 2020లో ఆ క్రీము పేరులోంచి 'ఫెయిర్' తీసేశారు. పెళ్ళిచూపుల్లోంచి తీసేసినవాళ్ళు లేరు.

అదే 1975లో అమెరికాలో ఆల్బర్ట్ క్లిగ్‌మన్ అనే చర్మవైద్యుడు, సహచరుడితో కలిసి, మంగుమచ్చలకి మూడు మందుల కలయికని ప్రకటించాడు. హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, ఒక స్టిరాయిడ్. ఈ క్లిగ్‌మనే ఫిలడెల్ఫియాలోని హోమ్స్‌బర్గ్ జైల్లో ఏళ్ళ తరబడి ఖైదీల చర్మం మీద ప్రయోగాలు చేసినవాడు. ఖైదీల్లో ఎక్కువమంది నల్లవాళ్ళు. ఏం రాస్తున్నారో వాళ్ళకీ సరిగా చెప్పలేదు. ఆ మూడు మందుల కలయిక వైద్యుడి కంటి కింద కొన్ని వారాలు వాడితే మందే. మన దేశంలో స్టిరాయిడ్ మారి, సూత్రం అదే ఉండి, తెల్లక్రీముగా కిరాణా కొట్టు దాకా చేరింది. రెండేళ్ళు రాస్తే చర్మం పలచబడుతుంది, వెంట్రుకలు మొలుస్తాయి, ఆపితే మండుతుంది. బలమైన స్టిరాయిడ్‌ని ఎక్కువ మేర ఎక్కువ కాలం రాస్తే అడ్రినల్ గ్రంథి తన సొంత హార్మోను తయారీనే తగ్గించుకోవచ్చు. చర్మవైద్యుల సంఘం పోరగా పోరగా 2018లో కేంద్రం పద్నాలుగు రకాల స్టిరాయిడ్ పూతమందుల్ని చీటీ లేకుండా అమ్మకూడదంది. మా పార్లర్ అమ్మాయి ట్యూబు కొన్నది ఆ తర్వాతే.

తెలుపు కోసం పాదరసం కూడా వాడారు. 2014లో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ ముప్ఫై రెండు ఫెయిర్‌నెస్ క్రీములు పరీక్షిస్తే పద్నాలుగింటిలో పాదరసం కనిపించింది. 2021–2023 మధ్య కేరళలోని కొట్టక్కల్‌లో ఒక ఆసుపత్రి డాక్టర్లు అరుదైన మూత్రపిండాల జబ్బుతో వచ్చిన పదిహేను మందిని విచారిస్తే పదమూడు మంది తెల్లబడే క్రీములు వాడినవాళ్ళు.

*

ఇవి నేరుగా కనిపించే హాని. అసలు చిక్కు కనపడనివాటితో. 1980ల చివర బోస్టన్‌లో టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో ఆనా సోటో, కార్లోస్ సోనెన్‌షైన్ రొమ్ము క్యాన్సర్ కణాలతో పనిచేస్తుండగా, ఈస్ట్రోజన్ వేయని గిన్నెల్లో కూడా కణాలు పెరగసాగాయి. వెతగ్గా వెతగ్గా దోషం ప్లాస్టిక్ గొట్టాలదని తేలింది. అందులో ఏం కలిపారని కంపెనీని అడిగితే వ్యాపార రహస్యం అంది. వాళ్ళే విడదీసి చూసి నోనైల్‌ఫినాల్ అని కనుక్కుని 1991లో ప్రచురించారు. శాస్త్రవేత్తకే చెప్పనివాళ్ళు పార్లర్ అమ్మాయికి చెబుతారా?

క్రీములు చెడిపోకుండా కలిపే పారాబెన్లకి ఈస్ట్రోజన్ లక్షణం ఉందని 1998లో బ్రిటన్‌లో రౌట్లెడ్జ్ బృందం చూపింది. మన సహజ ఈస్ట్రోజన్‌తో పోలిస్తే అది వేల రెట్లు బలహీనం. 2004లో ఫిలిప్పా డార్బర్ ఇరవై రొమ్ము కణితుల్లో పారాబెన్లు ఉన్నట్టు చూపితే పెద్ద గగ్గోలు లేచింది. ఒంట్లో ఉండటం వేరు, జబ్బుకి కారణం కావడం వేరు. ఆ పరిశోధన రెండోది చెప్పలేదు. నిజాయితీగా ఒప్పుకోవలసింది ఇదీ: ఫలానా క్రీము వల్ల ఫలానా స్త్రీకి జబ్బు వచ్చిందని వేలు పెట్టి చూపడం దాదాపు అసాధ్యం. రోజుకి పది డబ్బాలు, ఒక్కోదానిలో రవ్వంత, ఏళ్ళ తరబడి. అన్నీ కలిసి ఏం చేస్తాయన్నది ఒక్కో రసాయనాన్ని విడిగా చూసే పరీక్షకి దొరకదు. తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు, ఏ ఒక్కరూ దోషి కారు.

అందుకే నిరూపణ పూర్తయ్యేదాకా ఆగకుండా యూరప్ ముందు జాగ్రత్త దారి పట్టింది. సంతానోత్పత్తిని దెబ్బతీస్తాయని తేలిన కొన్ని థాలేట్లని 2000ల మొదట్లోనే సౌందర్య సాధనాల్లో నిషేధించింది. 2014లో ఐసోప్రొపైల్, ఐసోబ్యూటైల్ సహా ఐదు పారాబెన్లని తీసేసింది, ప్రొపైల్, బ్యూటైల్ పారాబెన్ల మోతాదు తగ్గించింది. అమెరికా 2016లో చేతులు కడిగే సబ్బుల్లో ట్రైక్లోసాన్‌ని ఆపింది.

మరి తప్పించుకోవడం సాధ్యమేనా? 2013లో కాలిఫోర్నియాలోని సలినాస్‌లో వంద మంది లాటినా అమ్మాయిలు మూడు రోజుల పాటు పారాబెన్లు, థాలేట్లు, ట్రైక్లోసాన్, ఆక్సిబెంజోన్ లేవని రాసి ఉన్న సరుకులే వాడారు. పొలాల్లో కూలి చేసేవాళ్ళ ఊరది. బర్క్‌లీ పరిశోధకులతో పాటు ఆ ఊరి పిల్లలే పరిశోధనలో పనిచేశారు. మూడు రోజుల్లోనే మూత్రంలో ఒక థాలేటు గుర్తు 27 శాతం, మిథైల్, ప్రొపైల్ పారాబెన్లు 44, 45 శాతం, ట్రైక్లోసాన్, ఆక్సిబెంజోన్ 36 శాతం చొప్పున తగ్గాయి. ఇథైల్, బ్యూటైల్ పారాబెన్లు మాత్రం, ఉన్నవి కొద్దిగానే అయినా, ఎందుకో పెరిగాయి. 2016లో వచ్చిన ఈ ఫలితంలో నాకు రెండూ ముఖ్యమే. ఆపితే ఒళ్ళు త్వరగానే కడిగేసుకుంటుంది. కానీ అట్ట మీది మాటని పూర్తిగా నమ్మడానికి లేదు.

మన దగ్గర అట్ట మీద ఆ మాటైనా అందరికీ దొరకదు. పదార్థాల జాబితా వేయాలన్న మన నిబంధనలోనే ఒక మినహాయింపు ఉంది. 60 మిల్లీలీటర్ల కంటే తక్కువ ద్రవానికీ, 30 గ్రాముల కంటే తక్కువ ముద్దకీ అక్కర్లేదు. అంటే పెద్ద సీసా కొనగలిగినామెకి చదువుకునే హక్కు ఉంది. రూపాయి షాంపూ ప్యాకెట్, ఐదు రూపాయల క్రీము కొనే ఆమెకి లేదు. చిన్న ప్యాకెట్ల షాంపూ తమిళనాడులో మొదలై 1980ల నుంచి మన పల్లెలకి వచ్చినప్పుడు దాన్ని పేదవాళ్ళకి అందిన సౌకర్యం అన్నారు. అందింది నురగ మాత్రమే.

*

ఇంతా విని, "అందుకే మన పాతకాలం సున్నిపిండే నయం" అంటారు మా ఆడపడుచు. సున్నిపిండి మీద నాకే కోపం లేదు. కానీ 'సహజం' అన్న మాట కూడా ఈ రోజు డబ్బా మీది మాటే. కుంకుమ ఒకప్పుడు పసుపులో సున్నం కలిపి చేసేవారు, ఇప్పుడు దుకాణంలో దొరికేది చాలావరకు రంగు. సింధూరంలోనూ సుర్మాలోనూ సీసం ఉంటూ వచ్చింది, సీసం హార్మోన్లనీ నరాలనీ కూడా పాడుచేస్తుంది. ఇక స్టిక్కర్ బొట్టు. దాని జిగురులో వాడే పారా టెర్షియరీ బ్యూటైల్‌ఫినాల్ వల్ల నుదుటి మీద తెల్లమచ్చ వస్తుందని మన చర్మవైద్యులు ఎప్పటి నుంచో చెబుతున్నారు. సోటో గొట్టంలో దొరికిన నోనైల్‌ఫినాల్‌కి ఇది దగ్గరి చుట్టం. మా పిన్ని నుదుట అలాంటి మచ్చ ఉండేది. దాన్ని దాచడానికి ఇంకా పెద్ద బొట్టు పెట్టుకునేది. ముత్తయిదువ నుదురు బోసిగా ఉండకూడదన్నారే గాని, జిగురులో ఏముందని అడిగినవాళ్ళు లేరు.

నేను ఇప్పుడు చేస్తున్నవి చిన్న పనులు. డబ్బాల సంఖ్య తగ్గించాను. పేరు చివర 'పారాబెన్' ఉందేమో చూస్తాను. 'పర్ఫ్యూమ్' లేదా 'ఫ్రాగ్రెన్స్' అన్న ఒక్క మాట కింద థాలేట్లతో సహా ఎన్నో దాక్కోవచ్చు గనక, ఒంటి మీద నిలిచే క్రీములు వాసన లేనివే కొంటాను. తయారీదారు చిరునామా, జాబితా లేని తెల్లక్రీము ఇంట్లోకి రానివ్వను. చివర 'సోన్' అనో 'సోల్' అనో ఉండి బీటామెథాసోన్, క్లోబెటాసోల్ లాంటి పేరు కనిపిస్తే అది అలంకరణ కాదు, మందు. గర్భిణులు, పసిపిల్లలు, పెద్దమనిషి కాబోతున్న ఆడపిల్లల విషయంలో ఇంకాస్త గట్టిగా ఉంటాను, ఎందుకంటే హార్మోను సందేశం చెదిరితే సరిదిద్దుకోలేని వయసులవి. నిలవ ఉంచే పదార్థమే లేని క్రీములో సూక్ష్మజీవులు పెరుగుతాయి గనక, 'ఏ రసాయనమూ లేదు' అన్న ప్రకటననీ నమ్మను.

కానీ ఈ జాగ్రత్తల జాబితా రాస్తుంటే నాకు ఇబ్బందిగానే ఉంది. వంట, పిల్లల చదువు, మామగారి మందులు, వీటికి తోడు రసాయన శాస్త్రం కూడా ఆడదాని ఇంటిపనే అయిపోతుందా? పటాన్‌చెరు స్త్రీలకి ఎవరూ "మీరే జాగ్రత్తగా సూది ఎంచుకోండి" అనలేదు, వాళ్ళ తరఫున కోర్టుకి వెళ్ళారు. పేద్ద సీసాకున్న జాబితా చిన్న ప్యాకెట్టుకీ కావాలని అడగడం, అది తెలుగులో కావాలని అడగడం, రోజుకి పది గంటలు ఆ డబ్బాల మధ్య నిలబడే పార్లర్ కార్మికుల చేతుల సంగతి ఎవరు చూస్తున్నారని అడగడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు.

మా పార్లర్ అమ్మాయిని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాను. క్రీము ఒక్కసారిగా ఆపకుండా డాక్టరమ్మ మెల్లగా మాన్పించింది. ఎరుపు తగ్గడానికి ఏడు నెలలు పట్టింది. ఆ నెలల్లో తెల్లగా ఉన్నప్పుడు మెచ్చుకున్నవాళ్ళే ముఖం చూసి పక్క కుర్చీ అడిగారు. మొన్న వెళ్ళినప్పుడు సరుకు తెచ్చే అతను ఏ పేరూ లేని తెల్ల డబ్బాలు బల్ల మీద పెడుతున్నాడు. ఆ అమ్మాయి ఒక డబ్బా తిప్పి చూసి, "ఇండ్ల ఏమేం కలిపిన్రో రాయలేదేందన్నా?" అంది. ఇన్నేళ్ళలో తననెవరూ అడగలేదన్నాడతను. ఓనరమ్మ కాసేపు ఇద్దరి ముఖాలూ చూసి, ఎప్పుడూ తీసుకునే దాంట్లో సగమే తీసుకుంది.